పోడియాట్రీ కళాశాలకు డిగ్రీ రోజుల్లోనే సన్నాహం: సీటు కన్నా ముందు చూడవలసింది పాదాన్ని

అమెరికాలోని పాదవైద్యుల క్లినిక్‌లలో మధుమేహ రోగికి చేసే పరీక్షల్లో ఒకటి చూడటానికి అతి సాధారణంగా ఉంటుంది. ప్లాస్టిక్ పిడికి అమర్చిన సన్నని నైలాన్ తీగను డాక్టరు అరికాలికి ఆనించి, అది కొంచెం వంగేదాకా నొక్కుతారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగేలా ఆ తీగను తయారు చేస్తారు. రోగి కళ్లు మూసుకుని, స్పర్శ తెలిసిన ప్రతిసారీ చెప్పాలి. బొటనవేలి కింద నొక్కితే జవాబు రాదు. వేళ్ల మొదళ్ల దగ్గర, అరికాలి ముందు భాగంలో నొక్కినా రాదు. చివరికి చీలమండ దగ్గరకు వచ్చేసరికి "ఆ, ఇక్కడ తెలుస్తోంది" అంటారు. చెప్పులో గులకరాయి ఇరుక్కున్నా, రోజంతా దాని మీదే నడిచినా ఆ మనిషికి తెలియదన్న మాట. గోడవారగా నిలబడి దీన్ని చూసిన డిగ్రీ విద్యార్థికి పోడియాట్రీ, అంటే పాదవైద్యం, ఏమిటో ఆ రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. కళాశాలల ప్రవేశ పుస్తికలు నెలల తరబడి తిరగేసినా అంతగా అర్థం కాదు.

పోడియాట్రీ అనే మాటకు అన్ని దేశాల్లోనూ ఒకే అర్థం లేదు. బ్రిటన్‌లో అది పాఠశాల చదువు ముగిశాక నేరుగా చేరగలిగిన బ్యాచిలర్స్ కోర్సు. అమెరికాలో మాత్రం బ్యాచిలర్స్ చదువు తరువాత నాలుగేళ్ల డాక్టర్ ఆఫ్ పోడియాట్రిక్ మెడిసిన్, అంటే డీపీఎం, దాని తరువాత ఆసుపత్రిలో రెసిడెన్సీ అనే మూడేళ్ల శిక్షణ చేయాలి. ఇవన్నీ ముగించినవారు పాదానికి, చాలా రాష్ట్రాల్లో చీలమండకు కూడా, మందులతోనూ శస్త్రచికిత్సతోనూ స్వతంత్రంగా వైద్యం చేస్తారు. ఎక్కడిదాకా చేయవచ్చన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో పాదవైద్యులకు చీలమండ చికిత్స అనుమతి 2014లో గానీ అమలులోకి రాలేదు. దేశం మొత్తం మీద ఈ కోర్సు నడిపే కళాశాలలు 11 మాత్రమే. షికాగో దగ్గరి షోల్ కళాశాల 1912 నాటిది, న్యూయార్క్ నగరంలోని కళాశాల 1911 నాటిది; టెక్సాస్‌లోని రియో గ్రాండ్ వ్యాలీ విశ్వవిద్యాలయంలోని కళాశాల మాత్రం తన తొలి తరగతిని 2022లో చేర్చుకుంది. ఫిలడెల్ఫియాలో టెంపుల్, ఒహాయోలో కెంట్ స్టేట్, అయోవాలో డి మోయిన్, ఆరిజోనాలో మిడ్‌వెస్టర్న్, కాలిఫోర్నియాలో శామ్యూల్ మెరిట్, వెస్టర్న్ విశ్వవిద్యాలయాలు, మయామీలో బ్యారీ, పెన్సిల్వేనియాలోని ఈరీ నగరంలో లేకామ్ మిగిలినవి.

ఈ చదువుకూ, అమెరికాలో మామూలు వైద్యులు చేసే ఎం.డి. చదువుకూ ఉన్న అసలు తేడా పాఠాల్లో కనబడదు. డి మోయిన్, మిడ్‌వెస్టర్న్, వెస్టర్న్ వంటి చోట్ల తొలి రెండేళ్లలో చాలా పాఠాలను పోడియాట్రీ విద్యార్థులు ఆస్టియోపతిక్ (అక్కడ ఎం.డి.కి సాటి అయిన మరో వైద్య పట్టా) విద్యార్థులతో కలిసే వింటారు. తేడా నిర్ణయం తీసుకునే సమయంలో ఉంది. ఎం.డి. విద్యార్థి మూడో ఏడాదిలో వార్డులన్నీ తిరిగి, పిల్లల వైద్యమా, గుండె వైద్యమా, ఎముకల శస్త్రచికిత్సా అన్నది అప్పుడు తేల్చుకుంటాడు. డీపీఎం విద్యార్థి దరఖాస్తు పెట్టిన రోజునే, అంటే సుమారు 21 ఏళ్ల వయసులోనే, తన శాఖను తేల్చుకున్నట్టు. ఆ తరువాత పిల్లల వైద్యం బాగుంటుందనిపిస్తే మళ్లీ మొదటినుంచి వేరే కళాశాలకు దరఖాస్తు పెట్టుకోవడం తప్ప దారి లేదు. కాబట్టి ఎం.డి. విద్యార్థికి మూడో ఏడాది వార్డులు చేసే పనిని పోడియాట్రీ విద్యార్థి డిగ్రీ రోజుల్లోనే తనకు తాను చేసుకోవాలి. సన్నాహమంటే ముందుగా ఇదే. మార్కులు, పరీక్షలు, సిఫారసు లేఖలు దీని తరువాతివి.

సాధారణంగా జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్‌లో స్కోరు ఆశించినంత రాలేదు, ఎం.డి. కళాశాలల నుంచి ఒక్కొక్కటిగా తిరస్కారాలు వచ్చాయి, అప్పుడు ఎవరో పోడియాట్రీ మాట చెబుతారు. అంకెలు చూస్తే ఊరట కలుగుతుంది. ఎం.డి. కళాశాలల్లో చేరేవారి ఎంక్యాట్ సగటు 511 దాటి ఉండగా, పోడియాట్రీలో చేరేవారి సగటు 500 లోపే ఉంటుంది. డిగ్రీ మార్కులను 4కు లెక్కగట్టే జీపీఏ సగటు కూడా అక్కడ 3.8 దరిదాపుల్లో ఉంటే ఇక్కడ 3.3, 3.4 దగ్గర ఉంటుంది. కొన్ని కళాశాలలు వసంతకాలం దాకా, ఇంకా ఆ తరువాత కూడా, దరఖాస్తులు తీసుకుంటాయి. చేతిలో సీటు లేని విద్యార్థికి, ఇంట్లో ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు ఇది దేవుడు చూపిన దారిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ ప్రవేశానికి అడిగే మార్కు తక్కువైనంత మాత్రాన లోపల చదువు తేలిక కాదు. అదే శరీరనిర్మాణం, అదే వ్యాధివిజ్ఞానం, అదే ఔషధశాస్త్రం, దానికి తోడు కాలి మీద మాత్రమే నడిచే ప్రత్యేక పాఠాలు ఉంటాయి. రెండో ఏడాది చివర జాతీయ లైసెన్సు పరీక్షలో మొదటి భాగం రాయాలి. అందులో మోకాలి కింది శరీరనిర్మాణానికి విడిగా పెద్ద వాటా ఉంటుంది. డిగ్రీలో సైన్సు పాఠాలను ఎలాగో గట్టెక్కించుకుని వచ్చినవారు తడబడేది ఇక్కడే. అప్పటికి రెండేళ్ల అప్పు మీద పడి ఉంటుంది. అందుకే కళాశాల అడిగే కనీసపు మార్కును విద్యార్థి తన లక్ష్యంగా పెట్టుకోకూడదు.

కనీసపు అర్హతలు చెప్పుకోవడం తేలికే. జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, కర్బన రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ఒక్కొక్కటి ప్రయోగశాలతో కలిపి 8 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంగ్లిషు 6 క్రెడిట్లు అన్నది చాలాకాలంగా ఉన్న కొలత. కళాశాలను బట్టి చిన్న చిన్న మార్పులు ఉంటాయి. మొత్తం మీద 90 సెమిస్టర్ క్రెడిట్లు పూర్తయితే, అంటే మూడేళ్ల చదువు ముగిస్తే, నియమాల ప్రకారం చేరవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాలతో మూడేళ్లు అక్కడ, నాలుగేళ్లు ఇక్కడ అనే ఒప్పందాలు కూడా ఉన్నాయి. ఒక ఏడాది ఖర్చు మిగిలేమాట నిజమే. అయితే పోడియాట్రీ తొలి ఏడాది సరిగా సాగకపోతే చేతిలో బ్యాచిలర్స్ పట్టా కూడా లేకుండా బయటికి రావలసి వస్తుంది. తన మీద తనకు పూర్తి నమ్మకం కుదరని విద్యార్థి నాలుగో ఏడాదిని వదులుకోకపోవడమే మంచిది. డిగ్రీలో మేజర్, అంటే ప్రధాన విషయం, ఏదైనా కావచ్చు. చరిత్ర చదివినవారూ చేరుతున్నారు, పై పాఠాలు పూర్తిచేసి ఉంటే చాలు.

ఆ పాఠాలను ఎలా చదవాలన్న దగ్గర కొంచెం ఆగాలి. దరఖాస్తులో గడి నింపడానికి చదివినవారికీ, పాదాన్ని మనసులో పెట్టుకుని చదివినవారికీ మూడేళ్ల తరువాత తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బొటనవేలి గోరు పక్క కండలోకి దిగి చీముపట్టిన రోగి వచ్చాడనుకుందాం. గోరు అంచు తీసే ముందు లిడోకెయిన్‌తో వేలిని మొద్దుబార్చాలి. చీముపట్టిన చోట సూది గుచ్చితే మందు సరిగా పనిచేయదు. ఎందుకు? లిడోకెయిన్ బలహీనమైన క్షారం. నాడి పొరను దాటి లోపలికి పోయేది విద్యుదావేశం లేని రూపమే. వాచిన కండలో ఆమ్లత ఎక్కువ కాబట్టి మందులో ఎక్కువ భాగం విద్యుదావేశం గల రూపంలోకి మారి బయటే నిలిచిపోతుంది. అందుకే డాక్టరు వాపుకు దూరంగా, వేలి మొదట్లో, ఆరోగ్యంగా ఉన్న చోట సూది వేస్తారు. గోరు అంచు తీశాక అది మళ్లీ మొలవకుండా మొదట్లో ఫినాల్ అద్దుతారు. డిగ్రీ రెండో ఏడాదిలో ఫినాల్ ఎందుకు ఆమ్ల గుణం చూపుతుందో కంఠస్థం చేసి పరీక్షకాగానే మరిచిపోయిన విద్యార్థికి, అదే సీసా చికిత్స బల్ల మీద కనిపించినప్పుడు రసాయనశాస్త్రం వేరే మొహంతో ఎదురవుతుంది. కర్బన రసాయనశాస్త్రాన్ని వడపోత పరీక్షగా, దాటవలసిన అడ్డంకిగా చూసే అలవాటు వైద్య కళాశాలకు సిద్ధమయ్యే ప్రీమెడ్ విద్యార్థులందరిలో ఉంది. ఆ అలవాటు పోడియాట్రీకి వచ్చేవారికి మరింత నష్టం చేస్తుంది, ఎందుకంటే ఈ వృత్తిలో సూది మందు, చిన్న శస్త్రచికిత్స రోజూ ఉండే పనులు.

భౌతికశాస్త్రం సంగతి కూడా అంతే. పోడియాట్రీని మిగతా వైద్యశాఖల నుంచి వేరు చేసేది నడక విశ్లేషణ. ఒక పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. అడుగు వేసిన ప్రతిసారీ శరీర బరువంతా ముందు మడమ మీద, తరువాత పాదం బయటి అంచు మీద, చివరికి బొటనవేలి మొదటి కీలు మీదుగా దొర్లుతుంది. పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేదన్న సూత్రం పాఠ్యపుస్తకంలో ఒక పంక్తి. క్లినిక్‌లో అది జోడులో పెట్టే మెత్త మందం, ఆనెకాయ ఎక్కడ కాస్తుందన్న లెక్క, పుండు మానుతుందా లేదా అన్న తీర్పు.

తెలుగు పాఠకులకు దగ్గరైన చరిత్ర ఒకటి ఈ సూత్రం వెనుక ఉంది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే ఇంగ్లిషు ఎముకల వైద్యుడు 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరి, కుష్ఠు రోగుల చేతులకు, కాళ్లకు చికిత్స చేశాడు. కుష్ఠు వల్ల మాంసం దానంతటదే కుళ్లి రాలిపోతుందని అప్పట్లో అందరి నమ్మకం. స్పర్శ పోయిన పాదం మీద ఒకే చోట పదే పదే ఒత్తిడి పడటం వల్లనే ఆ పుండ్లు వస్తున్నాయని ఆయన, ఆయన సహచరులు చూపించారు. ఆ అవగాహన నుంచే మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు అడుగు గల చెప్పులు వాడుకలోకి వచ్చాయి. ఇవాళ మన పట్టణాల చెప్పుల దుకాణాల్లో షుగరు ఉన్నవారు అడిగి కొనుక్కునే ఎం.సీ.ఆర్. చెప్పులు వాటి సంతతే. బ్రాండ్ 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక, అదే అవగాహన మధుమేహ రోగుల పాదాలకు కూడా వర్తిస్తుందని అమెరికన్ వైద్యులు గ్రహించారు. పాదానికి అతుక్కుని ఉండేలా కట్టు వేసి బరువును అంతటా సమంగా పంచే పద్ధతి అమెరికాలో వ్యాపించడంలో ఆ ఆసుపత్రి పాత్ర పెద్దది. పోడియాట్రీకి సిద్ధమవుతున్న తెలుగు విద్యార్థి తెలుసుకుని తీరవలసిన చరిత్ర ఇది.

అడగని పాఠాల్లో తప్పక తీసుకోవలసినవి శరీరనిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, జీవరసాయనశాస్త్రం. కళాశాలలు వీటిని చాలాచోట్ల 'తీసుకుంటే మంచిది' అన్న వరుసలో పెడతాయి. ఆ వరుసను తప్పనిసరి అని చదువుకోవాలి. భౌతికకాయాన్ని విచ్ఛేదించే అవకాశం ఉన్న శరీరనిర్మాణ తరగతి దొరికితే, దానికోసం ఇంకో తేలిక పాఠాన్ని వదులుకోవచ్చు. ఉదాహరణకు చీలమండలోని తాలస్ ఎముకను తీసుకోండి. దానికి ఒక్క కండ కూడా అతికి ఉండదు. ఉపరితలంలో సగానికి మించి మృదులాస్థి కప్పి ఉంటుంది. కాబట్టి రక్తనాళాలు లోపలికి పోవడానికి మిగిలిన చోటు చాలా తక్కువ. దాని మెడ దగ్గర విరిగితే రక్తం అందక ఎముకే చనిపోయే ప్రమాదం ఉంది. ఈ నాలుగు వాక్యాలను పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకోవచ్చు. ఎముకను చేతిలోకి తీసుకుని తిప్పి చూసినవారికి గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు. పోడియాట్రీ కళాశాలలో ఇటువంటి ఎముకలు, కండలు, నాడులు, ధమనులు వారానికి కొన్ని పదుల చొప్పున వచ్చి పడతాయి. ఆ వేగానికి అలవాటుపడే చదువు పద్ధతిని డిగ్రీలోనే పట్టుకోవాలి. పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రమే కూర్చునే పద్ధతి అక్కడ నిలవదు. చదివిన దాన్ని పుస్తకం మూసి కాగితం మీద గీయడం, వారం తరువాత మళ్లీ గీయడం, ఇంకొకరికి చెప్పడం వంటివి ముందే ఒంటబట్టాలి.

ఇక క్లినిక్‌లో నిలబడి చూడటం. అమెరికన్ విద్యార్థులు షాడోయింగ్ అనే ఈ పనిని దరఖాస్తులో గంటల లెక్కగా చూపిస్తారు. చాలా కళాశాలలు పాదవైద్యుడి నుంచి ఒక సిఫారసు లేఖను అడుగుతాయి, అడగనివి కూడా ఆశిస్తాయి. కళాశాలల సంఘమూ, పాదవైద్యుల జాతీయ సంఘమూ విద్యార్థులకు తమ ఊరి దగ్గరి డాక్టర్లను చూపించే ఏర్పాటు చేశాయి. ఇంకా తేలికైన దారి, దగ్గరలోని క్లినిక్‌కు ఫోను చేసి ఫలానా విశ్వవిద్యాలయ విద్యార్థినని చెప్పి అడగడం. ఇది చిన్న వృత్తి. కొత్తవారు రావాలన్న కోరిక ఇందులో ఉన్నవారికి బలంగా ఉంటుంది. అడిగితే కాదనేవారు తక్కువ.

అయితే ఒకే క్లినిక్‌లో 100 గంటలు నిలబడటం కన్నా మూడు రకాల చోట్ల 30 గంటల చొప్పున చూడటం ఎక్కువ ఉపయోగం. సొంత క్లినిక్‌లో గోళ్లు, ఆనెకాయలు, మడమ నొప్పి, జోడు మెత్తలు కనిపిస్తాయి. వృద్ధుల గోళ్లు కత్తిరించడం అక్కడ రోజువారీ పని. ఆ పని చూసి మొహం చిట్లించుకునే విద్యార్థి దాన్ని దాచుకోకుండా గమనించుకోవాలి. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ మామూలుగా గోళ్లు తీయడానికి డబ్బు చెల్లించదు. మధుమేహంతో నాడులు దెబ్బతినడం, రక్తప్రసరణ తగ్గడం వంటివి ఉన్నప్పుడే చెల్లిస్తుంది. ఎందుకంటే అటువంటి పాదం మీద తప్పుగా పడ్డ ఒక్క కత్తెర గాటు వేలు పోగొట్టగలదు. ఆ పని వెనుక ఉన్న బరువు ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. రెండో చోటు ఆసుపత్రిలోని పుండ్ల క్లినిక్. మూడోది ఆపరేషన్ గది. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పాదవైద్యులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. 2018 నాటి చట్టం అక్కడ వారి జీతభత్యాలను మిగతా వైద్యుల వరుసలోకి తెచ్చింది. అటువంటి చోట అనుమతి తెచ్చుకోవడానికి కాగితాలు ఎక్కువ, సమయం ఎక్కువ పడుతుంది. కాబట్టి ముందుగానే మొదలుపెట్టాలి.

చూసింది చూసినట్టు ఆ రాత్రే రాసుకోవాలి. రోగి పేరు, గుర్తుపట్టగలిగే వివరం ఏదీ రాయకూడదు, ఇది చట్టం కూడా. ఏం జరిగింది, డాక్టరు ఏం అడిగారు, విద్యార్థికి ఏం అర్థం కాలేదు అన్నవి రాయాలి. అర్థం కాని వాటి జాబితాయే తరువాతి వారం అడగవలసిన ప్రశ్నలు. ఆరు నెలల తరువాత దరఖాస్తు వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ఈ నోటు పుస్తకం లేనివారు 'చిన్నప్పటి నుంచి ఇతరులకు సేవ చేయాలన్న కోరిక' అని మొదలుపెడతారు. ఉన్నవారికి ఆ అవసరం రాదు.

ఎంక్యాట్ విషయానికి వస్తే, నాలుగు విభాగాల్లో ఒక్కొక్కటి 118 నుంచి 132 వరకు, మొత్తం 472 నుంచి 528 వరకు స్కోరు ఉంటుంది. విరామాలతో కలిపి దాదాపు ఏడున్నర గంటలు పరీక్ష గదిలో గడపాలి. పరీక్ష జనవరి నుంచి సెప్టెంబరు వరకు నిర్ణీత తేదీల్లో జరుగుతుంది. ఫలితం రావడానికి ఇంచుమించు ఒక నెల. పోడియాట్రీ ఉమ్మడి దరఖాస్తు ఆగస్టు తొలి రోజుల్లో తెరుచుకుంటుంది. వచ్చినవాటిని వచ్చినట్టు పరిశీలించి పిలుస్తారు. కాబట్టి మూడో ఏడాది వసంతంలో పరీక్ష రాసి, ఆగస్టులో పత్రాలన్నీ సిద్ధంగా పెట్టుకున్నవారికి కళాశాలను ఎంచుకునే వీలు, ఉపకార వేతనం అడిగే వీలు ఎక్కువ. కొన్ని కళాశాలలు డెంటల్ ప్రవేశ పరీక్షనో, జీఆర్ఈనో ఎంక్యాట్‌కు బదులుగా తీసుకుంటాయి. ఆ వెసులుబాటు ఉన్నా ఎంక్యాట్ చదవడమే మేలు. దానికోసం చదివిన జీవరసాయనం, శరీరధర్మశాస్త్రం కళాశాల తొలి ఏడాదిలో నేరుగా పనికొస్తాయి, జీఆర్ఈ పదజాలం పనికిరాదు.

డబ్బు గురించి తెలుగు ఇళ్లలో సీటు వచ్చాక మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఇక్కడ అది ముందే జరగాలి. చాలా కళాశాలల్లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది. ఇల్లు, తిండి, పరీక్షల రుసుములు వేరు. అమెరికా ప్రభుత్వం 2025లో చేసిన చట్టం ప్రకారం, ఖర్చు ఎంతైతే అంత అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ రుణం 2026 జులై 1 నుంచి కొత్త విద్యార్థులకు ఆగిపోతుంది. వృత్తివిద్యా కోర్సులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50 వేల డాలర్లకు, మొత్తం 2 లక్షల డాలర్లకు పరిమితం. పోడియాట్రీ ఆ వృత్తివిద్యల వరుసలోనే ఉండటం కొంత మేలు. ఆ పరిమితి దాటిన ప్రతి డాలరూ ప్రైవేటు రుణమే, దాని వడ్డీ, షరతులు కఠినం. ఉద్యోగంలో కుదురుకున్నాక పాదవైద్యుల మధ్యస్థ ఆదాయం ఏడాదికి లక్షన్నర డాలర్ల దరిదాపుల్లో ఉంటుందని అమెరికా కార్మిక శాఖ లెక్కలు చెబుతున్నాయి. అది మంచి ఆదాయమే. కానీ 2 లక్షలకు పైబడిన అప్పు, మూడేళ్ల రెసిడెన్సీలో వచ్చే స్వల్ప జీతం, అప్పటిదాకా పెరిగే వడ్డీ పక్కపక్కన పెట్టి లెక్క వేసుకున్నాకే సంతకం చేయాలి. డిగ్రీ రోజుల్లో క్రెడిట్ కార్డు అప్పు లేకుండా బయటపడటం కూడా సన్నాహంలో భాగమే.

వీసా మీద ఉన్న తెలుగు కుటుంబాలకు ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వ రుణాలు పౌరులకు, గ్రీన్ కార్డు వంటి శాశ్వత హోదా ఉన్నవారికే. తల్లిదండ్రుల హెచ్1బీ మీద ఆధారపడి హెచ్4లో పెరిగిన పిల్లలు సరిగ్గా డిగ్రీ మధ్యలో 21 ఏళ్లు నిండి ఆ హోదా కోల్పోతారు. విద్యార్థి వీసాలోకి మారాక ప్రైవేటు రుణానికి పౌరుడో, శాశ్వత నివాసో పూచీ ఇవ్వాలి. కళాశాల అంతర్జాతీయ విద్యార్థిని చేర్చుకుంటుందా, చేర్చుకుంటే నాలుగేళ్ల ఖర్చు ముందే చూపమంటుందా, రెసిడెన్సీ నడిపే ఆసుపత్రులు వీసాకు దరఖాస్తు చేస్తాయా అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తెచ్చుకున్నాకే ఎంక్యాట్‌కు డబ్బు కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఎం.బి.బి.ఎస్., ఫిజియోథెరపీ చదివి అమెరికా వచ్చినవారికి కూడా పోడియాట్రీలోకి అడ్డదారి లేదు. డీపీఎం మొదటినుంచి చేయవలసిందే, దానికి ముందు పాత మార్కుల పట్టికలను మదింపు చేయించుకోవాలి. అటునుంచి ఇటు చూసినా అంతే. భారతదేశంలో మధుమేహంతో ఉన్నవారు 10.1 కోట్ల మంది అని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం అంచనా వేసింది. షుగరు పుండుతో కాలు పోగొట్టుకున్నవారు లేని ఊరు మన దగ్గర వెతికినా దొరకదు. ఆ అవసరం చూసి తిరిగి వెళ్లి పనిచేయాలన్న తలంపు కలిగినవారు ఒకటి తెలుసుకుని ఉండాలి: డీపీఎం పట్టా భారతదేశంలో ఎం.బి.బి.ఎస్.కు సమానం కాదు, దానితో అక్కడ శస్త్రచికిత్స చేయడానికి వీలుండదు. ఇండియాలో ఈ పనిని జనరల్ సర్జన్లు, ఎముకల వైద్యులు, మధుమేహ నిపుణులు, రక్తనాళాల సర్జన్లు పంచుకుంటున్నారు. అమెరికాలో నేర్చుకున్నది భారతదేశంలో బోధన ద్వారానో, కలిసి పనిచేయడం ద్వారానో మాత్రమే అందించగలరు.

రెసిడెన్సీ గురించి డిగ్రీ విద్యార్థి ఇప్పుడే ఆలోచించాలా అన్న సందేహం సహజం. కొంతవరకు ఆలోచించాలి. 2011లో చేసిన నిబంధనలతో మూడేళ్ల రెసిడెన్సీయే అందరికీ ప్రమాణమైంది. ఆ మార్పు జరిగిన తొలి సంవత్సరాల్లో పట్టభద్రుల కన్నా సీట్లు తగ్గి కొందరు చదువు ముగించుకుని కూడా ఖాళీగా మిగిలారు. రెసిడెన్సీ లేకుండా లైసెన్సు దాదాపు ఎక్కడా రాదు. ఆ తరువాత సీట్లు పెరిగాయి, కళాశాలల్లో చేరేవారు తగ్గారు, ఇటీవల లోటు లేదు. అయినా కళాశాలను ఎంచుకునేటప్పుడు అందమైన భవనాలను కాక రెండు అంకెలను అడగాలి. జాతీయ పరీక్ష మొదటి భాగంలో తొలి ప్రయత్నంలో ఎంతమంది నెగ్గారు? చేరినవారిలో నాలుగేళ్లకే పట్టా అందుకున్నవారు ఎంతమంది? ఈ రెండూ చెప్పడానికి తటపటాయించే చోట చేరకపోయినా నష్టం లేదు.

ముఖాముఖిలో ఏ కళాశాలైనా ఏదో ఒక రూపంలో అడిగే ప్రశ్న, ఎం.డి. ఎందుకు కాదు అన్నది. దీనికి నేర్చుకుని చెప్పే జవాబును ఆచార్యులు ఇట్టే పట్టేస్తారు. పాదవైద్యంలో జీవితం ప్రశాంతంగా ఉంటుందని, పని గంటలు తక్కువని చెప్పే జవాబు వాళ్లు వెయ్యిసార్లు విన్నది. ఎం.డి.కి కూడా దరఖాస్తు పెట్టి ఉంటే ఆ సంగతి దాచకుండా ఒప్పుకుని, క్లినిక్‌లో ఏం చూసి మనసు ఇటు తిరిగిందో చెప్పడం మంచిది. నోటు పుస్తకం తెరిస్తే అటువంటి రోజు ఒకటి ఉంటుంది. పుండ్ల క్లినిక్‌లో ఒక పెద్దాయన బొటనవేలి కింద పసుపుపచ్చగా గట్టిపడ్డ ఆనెకాయ. నొప్పేమీ లేదని ఆయనే అంటాడు. డాక్టరు కత్తితో ఆ గట్టి చర్మాన్ని పొరలు పొరలుగా, ఉల్లిపొర తీసినట్టు చెక్కుతారు. నాలుగో పొరకో ఐదో పొరకో దాని కింద రక్తం ఇంకిన నల్లని మచ్చ, మరో పొరకు కందిగింజంత గుంట బయటపడతాయి. మొండి తీగతో లోతు కొలుస్తారు, ఎముక తగలలేదు. పెద్దాయన తన పాదం వైపే చూడటం లేదు, కిటికీ వైపు చూస్తున్నాడు. డాక్టరు పక్కకు తిరిగి విద్యార్థితో, ఇంకో రెండు వారాలు ఆగి వచ్చి ఉంటే వేలు ఉండేది కాదని మెల్లగా చెప్పి, కట్టు సామాను అందుకోమంటారు.